పరుల సొమ్ముకు కావలి: బెంజమిన్ గ్రాహం

ధనవంతునికి సలహాదారులు కొరవడరు. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయని తెలిసిన వెంటనే ఫలానా వాటాలు కొనమనీ, ఫలానా బాండ్లు అమ్మమనీ చెప్పేవారు గుమ్మం వరకు వస్తారు. లాభం కలిగితే అది తమ ప్రజ్ఞ అంటారు. నష్టం వాటిల్లితే కాలం కలిసిరాలేదంటారు. లాభనష్టాలతో నిమిత్తం లేకుండా దలాలీ మాత్రం వారికి ముడుతూనే ఉంటుంది. ఇటువంటి వ్యాపారానికి పేరుపొందిన న్యూయార్కు వాల్ స్ట్రీటులో, నమ్మి సొమ్ము అప్పగించినవారు నష్టపోయినప్పుడు తన ప్రతిఫలాన్ని వదులుకొని ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి బెంజమిన్ గ్రాహం. పెట్టుబడి సలహా అనే పనికి శాస్త్రాన్నీ, పరీక్షనూ, నియమాన్నీ సమకూర్చినవారిలో ఆయనది మొదటి స్థానం.

అప్పుతో ఆడిన ఆట

గ్రాహం 1894 మే నెలలో లండను నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. వంశనామం గ్రాస్‌బామ్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ ధ్వని గల పేర్ల పట్ల అమెరికాలో విముఖత ప్రబలినందున ఆ కుటుంబం గ్రాహం అనే పేరును స్వీకరించింది. తండ్రి ఐజాక్ పింగాణీ సామాను వర్తకుడు. వ్యాపారం నిమిత్తం ఆయన కుటుంబాన్ని న్యూయార్కుకు తరలించే నాటికి బెంజమిన్ ఏడాది బిడ్డ.

1903లో తండ్రి అకాలమరణం పొందారు. ముగ్గురు కొడుకుల భారం తల్లి డోరా మీద పడింది. ఆమె భర్త వ్యాపారాన్ని నడపబోయి నిలుపుకోలేకపోయారు. ఇంట్లో అద్దె భోజనవసతి పెట్టారు, అదీ సాగలేదు. చివరకు కొంత సొమ్ము చెల్లించి, మిగిలినది దలాలు వద్ద అప్పుగా పొంది, ఉక్కు కంపెనీ వాటాలు కొన్నారు. 1907 నాటి ఆర్థిక సంక్షోభంలో ధరలు కూలిపోయి ఆ వాటాలు ఆమె చేయి జారిపోయాయి. ఒకనాడు చెక్కు మార్చుకొని రమ్మని తల్లి పంపగా, ఐదు డాలర్లకైనా ఆమె ఖాతా ఆగుతుందా అని బ్యాంకు గుమాస్తాలు తమలో తాము అడుగుకోవడం ఆ పిల్లవాని చెవిన పడింది. అప్పుచేసి వాటాలు కొంటే ఏమి జరుగుతుందో బెంజమిన్ మొదట తెలుసుకున్నది ఆ ఇంటిలోనే. అయినా ఆ పాఠం వంటబట్టడానికి మరికొన్ని దెబ్బలు తినవలసి వచ్చింది.

చదువులో ఆయన అసమాన ప్రతిభావంతులు. గ్రీకు, లాటిన్ కావ్యాలన్నా, గణితమన్నా సమానమైన మక్కువ. కార్యాలయం వారి పొరపాటు వలన రావలసిన ఉపకారవేతనం మొదట చేజారినా, తరువాత మరొకటి లభించి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1914లో తరగతిలో ద్వితీయుడుగా పట్టా పుచ్చుకున్నారు. ఆంగ్లం, తత్త్వశాస్త్రం, గణితం ఈ మూడు శాఖలవారూ అధ్యాపకుడుగా ఉండిపొమ్మని కోరారు. కాని ఇల్లు గడవవలసిన అవసరం ఆయనను వేరే దారిలో నడిపించింది. కళాశాల డీన్ సిఫారసుతో వాల్ స్ట్రీటులోని ఒక దలాలీ సంస్థలో వారానికి 12 డాలర్ల జీతానికి చేరారు.

మొదటి ఖాతా, మొదటి అప్పు

ఆ రోజులలో వాల్ స్ట్రీటులో వదంతులే వార్తలు. ఎవరు కొంటున్నారు, ఎవరు అమ్ముతున్నారు అన్న గుసగుసలను పట్టి ధరలు ఆడేవి. కంపెనీల ఆస్తి అప్పుల పట్టికలను ఓపికగా చదివేవారు అరుదు. గ్రాహం ఆ పనికి పూనుకున్నారు. 1915లో గుగ్గెన్‌హైమ్ ఎక్స్‌ప్లొరేషన్ అనే కంపెనీ తనను తాను రద్దు చేసుకోదలచింది. దాని చేతిలో పలు రాగి కంపెనీల వాటాలు ఉన్నాయి. వాటి విలువను లెక్కగడితే ఒక్కో గుగ్గెన్‌హైమ్ వాటాకు 76 డాలర్లకు పైగా తేలింది. బజారులో మాత్రం ఆ వాటా 69 డాలర్ల లోపుకే దొరుకుతున్నది. ఒకటి కొని రెండవదానిని అమ్మితే ఆ తేడా నిశ్చయంగా చేతికి వస్తుందని ఇరవై ఒక్క ఏళ్ల గుమాస్తా నిరూపించగానే యజమానుల దృష్టి ఆయనపై పడింది.

పేరు రావడంతో నమ్మి సొమ్ము అప్పగించేవారూ వచ్చారు. తనకు కొలంబియాలో ఆంగ్లం బోధించిన ఆచార్యుడు టాసిన్ లాభనష్టాలు సమంగా పంచుకునే ఒప్పందం మీద తన వాటాలను గ్రాహం చేతిలో పెట్టారు. మొదటి ఏడు లాభం బాగా వచ్చింది. తన వంతు లాభాన్ని గ్రాహం సోదరునితో కలసి తెరచిన గ్రామఫోను దుకాణంలో పెట్టారు. ఇంతలో వాటాల ధరలు పడిపోయాయి. ఖాతాలో అప్పు మిగిలింది. దుకాణంలో పెట్టిన సొమ్ము వెనక్కు రాలేదు. గురువు సొమ్ముకు హాని కలిగిందన్న సిగ్గుతో ఆయన ప్రాణత్యాగం గురించి సైతం ఆలోచించారు. చివరకు ఆచార్యుని వద్దకు పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పి, నెలనెలా కొంత చొప్పున చెల్లిస్తానన్నారు. ఆచార్యుడు అంగీకరించారు. సుమారు రెండేళ్లలో ఆ లోటు పూర్తిగా తీరింది. తరువాతి కాలంలో ఆ ఆచార్యుని ఖాతా మంచి లాభాలనే చూసింది.

జీతం లేని నిర్వహణ

1923లో గ్రాహం దలాలీ సంస్థను విడిచి బయటికి వచ్చారు. 1926లో కొందరు మిత్రులు, పరిచయస్తుల సొమ్ముతో బెంజమిన్ గ్రాహం జాయింట్ అకౌంట్ పేరిట ఒక ఉమ్మడి నిధిని నెలకొల్పారు. దానిలో తన సొమ్మునూ కలిపారు. త్వరలోనే జెరోమ్ న్యూమన్ అనే చురుకైన భాగస్వామి తోడయ్యారు.

ఆ నిధికి పెట్టుకున్న నియమం గమనించదగినది. నిర్వాహకునికి జీతం లేదు. దలాలీ లేదు. లాభం వచ్చినప్పుడే అందులో వాటా. లాభం హెచ్చినకొద్దీ ఆ వాటా కూడా హెచ్చుతుంది. నష్టం వస్తే ఆ లోటు పూడేవరకు నిర్వాహకునికి ఏమీ ముట్టదు. కొన్నా అమ్మినా తనకు కమీషన్ ముట్టే దలాలు మార్గానికీ ఈ మార్గానికీ చాలా దూరం ఉంది. కోటీశ్వరుడు బెర్నార్డ్ బరూక్ గ్రాహం సూచనల మీద వాటాలు కొనేవారు. 1929లో ఆయన తనతో భాగస్వామిగా చేరమని ఆహ్వానించినా, సొంతగా నడుపుకుంటున్న నిధిని విడిచిపెట్టడానికి గ్రాహం ఇష్టపడలేదు.

ఆ కాలంలోని ఒక సంఘటన ఆయన పనితీరును తెలుపుతుంది. రాక్‌ఫెల్లర్ చమురు సామ్రాజ్యం విడిపోయినప్పుడు ఏర్పడిన ఎనిమిది పైపులైను కంపెనీలు ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలు వాషింగ్టన్‌లో ఉన్నాయని తెలిసి, గ్రాహం 1926లో అక్కడికి పోయి వాటిని తిరగేశారు. నార్తర్న్ పైప్‌లైన్ అనే చిన్న కంపెనీ వాటా బజారులో 65 డాలర్లు పలుకుతున్నది. ఆ కంపెనీ చేతిలోని రైల్వే బాండ్లు తదితర పత్రాల విలువే వాటాకు సుమారు 95 డాలర్లు. వ్యాపారానికి అక్కరలేని సొమ్ము పెట్టెలో ఊరకే మూలుగుతున్నది.

ఆ సొమ్మును వాటాదారులకు పంచమని గ్రాహం యాజమాన్యాన్ని కోరారు. వారు త్రోసిపుచ్చారు. 1927 జనవరిలో పెన్సిల్వేనియాలోని ఆయిల్ సిటీలో జరిగిన వార్షిక సమావేశానికి ఒంటరిగా వెళ్లారు. ఆయన ప్రతిపాదనను బలపరచే గొంతు ఒక్కటి లేక అది చర్చకే రాలేదు. గ్రాహం మరుసటి ఏడు సిద్ధపడి వచ్చారు. వాటాదారులను కలసి వారి అధికారపత్రాలు సేకరించి, ఐదుగురు డైరెక్టర్లలో రెండు స్థానాలు గెలుచుకున్నారు. కొద్దికాలానికే యాజమాన్యం తానుగా దిగివచ్చింది. దఫదఫాలుగా వాటాకు 70 డాలర్లు వాటాదారులందరికీ అందాయి. కంపెనీ సొమ్ము యజమానులది, నిర్వాహకులు దానికి కాపరులు మాత్రమే అన్న సూత్రం ఆనాటి వాల్ స్ట్రీటుకు కొత్తగా వినిపించింది.

వృద్ధుని హితవు

1929 ఆరంభానికి ఉమ్మడి నిధి 25 లక్షల డాలర్లకు పెరిగింది. కుటుంబం సెంట్రల్ పార్కు ఎదుట బెరెస్‌ఫర్డ్ అనే భవనంలో పెద్ద నివాసం తీసుకుంది. అయితే నిధిలో అప్పు తెచ్చిన సొమ్ము కూడా ఉంది. తల్లిని ముంచిన అప్పు మరింత పెద్ద రూపంలో కొడుకు గుమ్మంలో కాచుకుని ఉంది.

ఆ ఏటి అక్టోబరులో మార్కెట్ కుప్పకూలింది. ఏడాది చివరకు నిధికి 20 శాతం నష్టం తేలింది. ఇతరులతో పోలిస్తే అది తక్కువే. 1930 జనవరిలో ఫ్లోరిడాలో గ్రాహం 93 ఏళ్ల వృద్ధ వర్తకుని ఒకరిని కలిశారు. గ్రాహం ఖాతాల సంగతులు, అప్పుల సంగతులు ఆ వృద్ధుడు గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుని, మరునాడే రైలెక్కి న్యూయార్కుకు పోయి వాటాలన్నీ అమ్మి, అప్పులు తీర్చి, మిగిలిన సొమ్మును ఎవరిది వారికి ఇచ్చేయమని హితవు చెప్పారు. గ్రాహం మర్యాదగా విన్నారు గాని పాటించలేదు. గడ్డుకాలం దాటిపోయిందని నమ్మారు. ఎందరికో సలహా చెప్పినవాడు తనకు అందిన సలహాను విడిచిపెట్టాడు. 1930లో నిధి సగానికి సగం పడిపోయింది. 1929 నుండి 1932 వరకు నాలుగేళ్లలో మొత్తం నష్టం 70 శాతానికి చేరింది.

ఆనాడు ఖాతాలు మూసి చేతులు దులుపుకున్నవారు అనేకులు. గ్రాహం, న్యూమన్ అలా చేయలేదు. సుమారు ఐదేళ్లపాటు ప్రతిఫలం తీసుకోకుండా నిధిని నడిపారు. ఆ కాలంలో గ్రాహం ఇంటి ఖర్చులను బాగా తగ్గించుకొని, పాఠాలు చెప్పీ, వ్యాసాలు రాసీ, కంపెనీల విలువ విషయమై న్యాయస్థానాలలో నిపుణునిగా సాక్ష్యం చెప్పీ జీవనం సాగించారు. 1934లో మదుపరులే ముందుకు వచ్చి, పాత లోటుతో ముడిపెట్టకుండా లాభంలో ఐదో వంతు తీసుకొమ్మన్నారు. 1935 ముగిసేసరికి నిధిలో నిలిచినవారి నష్టమంతా పూడిపోయింది. నిబంధన ప్రకారం నష్టంలో నిర్వాహకునికి జీతం ఉండదన్న మాట కాగితం మీద అందరూ రాసుకోవచ్చు. దానిని ఐదేళ్లు అనుభవించి చూపడమే ఆయన కీర్తికి పునాది.

కష్టం ఫలించిన విద్య

1928 నుండే గ్రాహం కొలంబియాలో సాయంకాలపు తరగతులు చెప్పసాగారు. డేవిడ్ డాడ్ అనే యువ అధ్యాపకుడు ఆ పాఠాలను శ్రద్ధగా రాసుకునేవారు. వాటి ఆధారంగా ఇద్దరూ కలసి 1934లో సెక్యూరిటీ అనాలిసిస్ అనే ఉద్గ్రంథం వెలువరించారు. వాటాల పేరు వింటేనే జనం భయపడుతున్న రోజులవి. అంతకు రెండేళ్ల ముందే ఫోర్బ్స్ పత్రికలో రాసిన వ్యాసాలలో గ్రాహం ఒక విడ్డూరాన్ని లెక్కలతో చూపారు. నగదు, సరుకు, రావలసిన బాకీలు కలిపి, అందులోంచి అప్పులన్నీ తీసివేయగా మిగిలే మొత్తం కంటే తక్కువ ధరకు న్యూయార్కు ఎక్స్‌ఛేంజిలో మూడింట ఒక వంతు పారిశ్రామిక కంపెనీలు అమ్ముడవుతున్నాయి. వాటి యంత్రాలకు, భవనాలకు, పేరుకు మార్కెట్ కట్టిన వెల సున్నా.

ఆయన బోధన సారాంశం స్వల్పం. వాటా అంటే కాగితం ముక్క కాదు, ఒక వ్యాపారంలో భాగం. దానికి ధర వేరు, విలువ వేరు. లెక్కలు చూసి విలువ తేల్చుకోవాలి. అంచనాలో పొరపాటు జరిగినా దెబ్బ తగలనంత తక్కువ ధరకు కొనాలి. వంతెన మోసే బరువు కంటే అధికమైన బరువుకు తగినట్లు దానిని కట్టినట్టే, కొనుగోలులోనూ ఒక రక్షణ మిగులు ఉండాలి. 1949లో సామాన్య మదుపరుల కోసం రాసిన ద ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్ గ్రంథంలో మార్కెట్‌ను ఒక చపలచిత్తుడైన భాగస్వామితో పోల్చారు. అతడు ప్రతిదినం వచ్చి ఒక ధర చెబుతాడు. ఒకరోజు ఉత్సాహంతో ఆకాశానికి ఎత్తుతాడు, మరొకరోజు దిగులుతో పాతాళానికి దించుతాడు. నచ్చితే బేరం కుదుర్చుకోవచ్చు, లేకుంటే ఊరకుండవచ్చు. అతని మనఃస్థితిని తమ మనఃస్థితిగా చేసుకున్నవారే చెడిపోతారు.

ఆ గ్రంథంలోనే సలహాదారుల గురించి ఒక అధ్యాయం ఉంది. రుసుము తీసుకుని సలహా చెప్పే మంచి సంస్థల ముఖ్య ప్రయోజనం అద్భుతమైన లాభాలు తెచ్చిపెట్టడం కాదనీ, ఖాతాదారును ఖరీదైన తప్పుల నుండి కాపాడడమేననీ ఆయన తేల్చారు. దలాలీ సంస్థకు రాబడి కొనుగోలు అమ్మకాల మీద వస్తుంది కనుక, ఆ సంస్థలో కూర్చున్నవాని సలహాను విచక్షణతో స్వీకరించాలన్నారు. సగటును మించిన లాభం తెచ్చిపెడతానని హామీ ఇచ్చేవానిని చూసి జాగ్రత్తపడమన్నారు.

వృత్తికి పరీక్ష

వైద్యునికీ, న్యాయవాదికీ, లెక్కల తనిఖీదారుకూ పరీక్ష ఉన్నది. ఇతరుల యావదాస్తి మీద సలహా చెప్పే విశ్లేషకునికి ఏ అర్హతా అక్కరలేదు. ఈ లోపం గ్రాహంను బాధించింది. 1937లో న్యూయార్కు సెక్యూరిటీ విశ్లేషకుల సంఘం స్థాపనలో ఆయన పాలుపంచుకున్నారు. 1940లలో విశ్లేషకులకు అర్హతా పరీక్ష, బిరుదు ఉండాలని వాదించారు. తమకు పరీక్ష ఏమిటని వృత్తిలోని పెద్దలు పెదవి విరిచారు. రెండు దశాబ్దాలకు గాని ఆ ఆలోచన ఫలించలేదు. 1963 జూన్‌లో జరిగిన తొలి చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్ పరీక్షకు 284 మంది కూర్చున్నారు. ఆ పరీక్ష ఇప్పుడు భారతదేశంతో సహా అనేక దేశాలలో జరుగుతున్నది. 1984లో హైదరాబాదులో స్థాపితమైన ఇక్ఫాయ్ సంస్థ కూడా ఆర్థిక విశ్లేషణను వృత్తివిద్యగా తెలుగునాట బోధించడానికి పూనుకొన్నది.

ఉమ్మడి నిధి 1936లో గ్రాహం-న్యూమన్ కార్పొరేషన్‌గా మారింది. 1948లో ఆ సంస్థ ప్రభుత్వోద్యోగులకు ఏజెంట్లు లేకుండా నేరుగా మోటారు బీమా అమ్మే గైకో కంపెనీలో సగం వాటాను 7,12,500 డాలర్లకు కొన్నది. బీమా కంపెనీలో అంత వాటా ఉంచుకోవడం నిబంధనకు విరుద్ధమని తేలగా, ఆ వాటాలను తమ మదుపరులకే పంచిపెట్టారు. కాలక్రమంలో ఆ ఒక్క కొనుగోలు మీద వచ్చిన లాభం, ఇరవై ఏళ్లు శ్రమించి చేసిన మిగిలిన కొనుగోళ్లన్నిటి లాభాన్ని మించిపోయింది. శాస్త్రంతో పాటు అదృష్టానికీ చోటున్నదని గ్రాహం తరువాత తన గ్రంథంలో దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

1950లో కొలంబియాలో ఆయన తరగతిలో చేరిన విద్యార్థి వారెన్ బఫెట్. జీతం లేకుండానైనా పనిచేస్తానని వేడుకున్నా మొదట చోటు దొరకలేదు. 1954లో ఉద్యోగం లభించింది. రెండేళ్లకే, 1956లో, గ్రాహం సంస్థను మూసివేసి కాలిఫోర్నియాకు తరలిపోయి అక్కడ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పసాగారు. సంపదను పెంచుకుంటూ పోవాలన్న కోరిక ఆయనకు తీరిపోయింది. నాటకం రాశారు, స్పానిష్ నవలను ఆంగ్లంలోకి అనువదించారు, సరుకు నిల్వల ఆధారంగా ద్రవ్యవిలువను నిలపవచ్చని గ్రంథాలు రచించారు. గృహజీవితంలో మాత్రం అంతటి నిలకడ ఆయనకు లభించలేదు. మొదటి కుమారుడు 1927లో ఎనిమిదేళ్ల వయసులో మరణించాడు. ఆయన మూడుమార్లు వివాహమాడారు. లెక్కలలో చూపిన ఓర్పు ఇంటివారికి అంతగా దక్కలేదు.

చివరి మాట

జీవిత చరమాంకంలో గ్రాహం మరొక సాహసం చేశారు. తాను గ్రంథం రాసిన నాడు విశ్లేషకులు పిడికెడు మంది. ఇప్పుడు సుశిక్షితులు వేలాదిగా అదే పని చేస్తున్నందున, ఒక్కొక్క వాటాను అంత శ్రమపడి పరిశోధించడం వలన చాలామందికి ఆ శ్రమకు తగిన ఫలం దక్కకపోవచ్చునని 1976లో బహిరంగంగా ప్రకటించారు. దానికి బదులు కొన్ని సరళమైన నియమాలకు కట్టుబడి, పలు వాటాలలో సొమ్మును విస్తరించడం మేలన్నారు. తాను కట్టిన విద్యకు తానే హద్దు గీశారు. తన సలహా అవసరం తగ్గిందని తానే చెప్పగల సలహాదారులు ఏ కాలంలోనూ అరుదే. ఆ ఏడే సెప్టెంబరు 21న ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలో 82వ ఏట ఆయన కన్నుమూశారు.

అమెరికాలో పెట్టుబడి సలహాదారులను చట్టం క్రిందికి తెచ్చినది 1940లో. భారతదేశంలో సెబీ ఇందుకోసం ప్రత్యేక నిబంధనలు చేసినది 2013లో. ఒకే ఖాతాదారుకు సలహా చెప్పి రుసుమూ, పథకం అమ్మి కమీషనూ రెండూ పుచ్చుకోరాదని 2020లో ఆ నిబంధనలను మరింత బిగించారు. పొలం అమ్మిన సొమ్మునో, ఉద్యోగ విరమణ సొమ్మునో పట్టుకుని సలహా కోరి వెళ్లేవారికి ఈ చట్టాలు కొంత అండ. అయితే చట్టం ఏదైనా, సలహాదారుని ఎదుట కూర్చున్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు గ్రాహం జీవితమే నేర్పుతుంది. ఈయనకు రాబడి ఎవరి నుండి వస్తున్నది? నా సొమ్ము పోతే ఈయనకు పోయేది ఏమైనా ఉన్నదా? ఈ రెంటికీ సూటిగా బదులు చెప్పగలవానిని నమ్మవచ్చు. బదులు చెప్పడానికి తడబడేవానికి నమస్కరించి లేచి రావడమే క్షేమం.